గడప మీది లాడం

మా నంది ఇంటి తలవాకిలి పైన ఒక లాడం ఉంది. ఇనుపది కాదు, అల్యూమినియంది. చేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు. ఇంటికి వచ్చిన చుట్టాలంతా దిష్టికి కొట్టుకున్నారనుకుంటారు. చిన్నప్పుడు మేమూ అదే అనుకున్నాం. మొన్న సంక్రాంతికి సున్నం కొట్టించేటప్పుడు పనికొచ్చిన పిల్లవాడు దాన్ని పీకి గోనెసంచిలో వేస్తే, తొంభై ఏళ్ళకు దగ్గరపడిన మా అవ్వ మంచం దిగి వచ్చి, "అది రాజా కాలిది రా, పారేస్తే మీ తాత ఒప్పడు" అనింది. తాత పోయి ముప్పై ఏళ్ళయింది. రాజా ఎవరో మాకు తెలీదు. అడుగుతూ పోతే, రాజా ఒక రేసు గుర్రం అని తెలిసింది. ఆ వివరం పట్టుకుని మేము చదివినదీ, అవ్వ చెప్పిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

మన కుటుంబంలో చాలామందికి తెలీని సంగతి ఏమంటే, మా తాత సేద్యంలోకి రాకముందు కొన్నేళ్ళు బెంగళూరు రేసుకోర్సులో సైసుగా పనిచేసినాడు. సైసు అంటే గుర్రాన్ని తోమి, మేపి, నడిపించి, దాని పక్కనే పడుకునే మనిషి. జాకీ పేరు పేపర్లో వస్తుంది, గుర్రం పేరు వస్తుంది, యజమాని ఫోటో వస్తుంది. సైసు పేరు ఎక్కడా రాదు. మా తాత పేరు కూడా యాడా లేదు, వెతికినాం.

గుర్రానికీ మా వైపు ఊర్లకూ సంబంధం చాలా పాతది. ముందు దండు గుర్రాలు వచ్చినాయి. 1791 మే నెలలో కార్న్‌వాలిస్ సైన్యం శ్రీరంగపట్నం దాకా పోయి, మేత లేక, రోగాలు తగిలి, ఎద్దులు వేలల్లో చచ్చిపోతే, ఫిరంగులు లాగే దిక్కులేక వాటిని అక్కడే పాడుచేసి వెనక్కి తిరిగింది. గుర్రాలూ అంతే, ఎముకల గూళ్ళయినాయి. మళ్ళీ దాడికి పోయేముందు మేత, ధాన్యం వచ్చే దారులు భద్రం చేసుకోవాలని కొండకోటలు ఒక్కొక్కటీ పట్టుకుంటూ వచ్చినారు. నైజాం సైన్యంతో రాకపోకలు సాగే ఉత్తరపు దారికి అడ్డంగా ఉండేది మా నందిదుర్గం. 1791 అక్టోబరు 19న అది పడింది. టిప్పు నుంచి కోట పోయిన కథ మాకు బడిలో చెప్పినారు గానీ, దాని వెనక మేతలేని పశువుల కథ ఒకటుందని ఎవరూ చెప్పలేదు. నంది బెట్ట ఎక్కినవాళ్ళు టిప్పు డ్రాప్ దగ్గర ఫోటోలు దిగి వస్తారు. (బెట్ట అంటే కొండ. మేము ఇంట్లో కొండ అనం, బెట్ట అనే అంటాం. కన్నడ బడి చదువులు మరి.)

యుద్ధాలు ముగిసినాక బెంగళూరు దండు ఊరయింది. దండు ఉన్నచోట గుర్రాలు కావాల. 1824లో షిరాజ్ నుంచి ఆగా అలీ అస్కర్ అనే పదహారేళ్ళ పిల్లవాడు అన్నదమ్ములతో కలిసి రెండు వందల గుర్రాలు తోలుకొని బెంగళూరు చేరినాడు. ఆ వ్యాపారంతోనే పెద్దవాడయినాడు. ఈరోజు బెంగళూరులో అలీ అస్కర్ రోడ్డు ఆయన పేరు మీదిదే, తర్వాత మైసూరు దివాను అయిన మీర్జా ఇస్మాయిల్ ఆయన మనవడే. 1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్‌కు అలీ అస్కర్ దగ్గరి స్నేహితుడు. కబ్బన్‌కు ఎండాకాలం మకాం మా నంది బెట్ట మీదే, ఆయన బంగళా ఇప్పటికీ ఉంది. ఆయన విగ్రహం చూసినా గుర్రం మీదే కూర్చొని ఉంటాడు, 1866లో పెట్టింది. సిపాయిల పరుగు పందాలు, దొరల సరదా, అరబ్బీ గుర్రాల వ్యాపారం, ఈ మూడూ కలిసి బెంగళూరులో రేసులకు నేల తయారయింది. ఇప్పుడున్న బెంగళూరు టర్ఫ్ క్లబ్బు మాత్రం 1920ల మొదట్లోది. హై గ్రౌండ్స్‌లో ఎనభై అయిదు ఎకరాల చిల్లర.

మా తాత ఆ ఎనభై అయిదు ఎకరాల్లోనే ఆరేడేళ్ళు గడిపినాడు. ఆయనకు గడ్డి పిచ్చి అని అవ్వ చెప్తుంది. పొలం గట్టు మీద గరిక చూసినా కాలితో తొక్కి చూసేవాడంట. "నేల నోరు తెరిచి చెప్పదు, కాలు పెడితే చెప్తుంది" అనేవాడంట. రేసుకోర్సులో తెల్లారి నాలుగింటికే గుర్రాలను బయటికి తీస్తారు. రోజువారీ కసరత్తు ఎక్కువగా ఇసుక ట్రాకు మీద, రేసు మాత్రం గడ్డి మీద. ఒక రేసు అయిపోయిన వెంటనే మనుషులు వరసగా నిలబడి, గిట్టలు లేపిన గడ్డి పెళ్ళలను కాళ్ళతో తొక్కి, గుంతల్లో మన్ను పోసి సర్దుతారు. టీవీలో రేసు చూసేవాళ్ళకు అది కనపడదు. ఒకేచోట రోజూ గడ్డి చెడకుండా లోపలి కంచెను కొన్ని మీటర్లు జరుపుతుంటారు. నేల ఎంత మెత్తగుందో కొలవడానికి ఇప్పుడు పెనెట్రోమీటర్ అని ఒక సాధనం ఉంది. బరువున్న కడ్డీని కొలిచిన ఎత్తు నుంచి వదిలితే ఎంత లోతు దిగిందో చూస్తారు. మా తాత కాలంలో ఆ కడ్డీ పని అనుభవమున్న మనిషి మడమ చేసేది.

ఇంతకీ నేల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, గుర్రం కాలు అట్లాంటిది. అయిదు వందల కిలోల దగ్గర బరువుండే జంతువు, నిండు పరుగులో ఒక్కోసారి ఒకే ముంగాలి మీద మొత్తం బరువు పడుతుంది. ఆ క్షణాన ఆ కాలు మోసేది ఒంటి బరువుకు రెండున్నర రెట్లు దాకా ఉంటుంది. మోకాలి కింద కండ లేదు. ఎముక, నరం, తోలు, అంతే. నేల మరీ గట్టిదయితే దెబ్బ ఎముకకు తగులుతుంది. మరీ మెత్తగా జారుడుగా ఉంటే నరం లాగుతుంది. అన్నిటికంటే చెడ్డది ఒక అడుగు గట్టి, ఒక అడుగు మెత్త. మా చిక్కబళ్ళాపురం ఎర్రనేలలో నడిచినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. ఎండకు ఇటుక మాదిరి, వానకు ముద్ద మాదిరి, పైన ఆరినా లోపల తడి.

ఇంకొక సంగతి చదివినప్పుడు మాకు మా ఉద్యోగం గుర్తొచ్చింది. మేము సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో ఉన్నాం. ఒక తప్పు బయటపడిన రోజు వేరు, అది పుట్టిన రోజు వేరు అని మాకు రోజూ అనుభవమే. కాలిఫోర్నియాలో 1990 నుంచి ట్రాకు మీద చచ్చిపోయిన ప్రతి రేసు గుర్రాన్నీ కోసి చూస్తున్నారు. కాలు విరిగి చచ్చిన వాటిలో చాలావాటికి, విరిగిన చోట ముందునుంచే సన్నటి బీటలు, మానీ మానని గుర్తులు కనపడినాయి. అంటే ఆరోజు వాన, ఆరోజు గుంత చివరి దెబ్బ మాత్రమే కొట్టినాయి. అంతకుముందు వారాల తరబడి కసరత్తులో ఎవరో ఒకరికి గుర్రం నడక తేడా కనపడి ఉండాల. ఎవరికి కనపడి ఉంటుంది? రోజూ దాన్ని తోమే మనిషికి. ఆ మనిషి మాట వినే ఏర్పాటు మాత్రం యాడా బలంగా లేదు.

ఇక రాజా కథకు వస్తాం. రేసుల్లో దానికి ఇంకో పేరు ఉండె, అది అవ్వకు గుర్తులేదు. తాత మాత్రం రాజా అని పిలిచేవాడంట. ముదురు గోధుమ రంగు, నుదుట తెల్లటి మచ్చ. 1960ల మొదట్లో ఒక వేసవి రేసు. ముందురోజు రాత్రి వాన పడింది. తాత పొద్దున్నే గుర్రాన్ని నడిపించి, ఎడమ ముంగాలు పొట్టి అడుగు వేస్తావుందని ట్రైనర్‌కు చెప్పినాడంట. "నీ పని నువ్వు చూసుకో" అన్నారంట. ఆయన పేరు మాకు తెలిసినా రాయం, ఆయనా లేడు, మా తాతా లేడు. రాజా పడలేదు, ఎముకా విరగలేదు. చివర్లో వచ్చింది. తాత కాలు పట్టుకుంటే కాలుతావుండె. మరుసటి రోజుకు ముంగాలి వెనకవైపు నరం వాచి విల్లు మాదిరి వంగింది.

ఆ కాలంలో దానికి వైద్యం ఏమంటే వాతలు. మన పల్లెల్లో ఎద్దులకు కాల్చిన కడ్డీతో వాతలు పెట్టినట్లే, పెద్ద పెద్ద రేసు గుర్రాలకూ నరం మీద చుక్కలు చుక్కలుగా కాల్చేవాళ్ళు. కాలిస్తే రక్తం పారి నరం గట్టిపడుతుందని నమ్మకం. అది పనికిరాని హింస అని ఇప్పుడు పశువైద్యులే చెప్తారు. రాజాకూ వాతలు పడినాయి. ఆరునెలలు చూసినారు. తర్వాత, కాల్చి పారేయండి లేదా ఎవరన్నా తీసుకోండి అన్నారు. తాత తీసుకున్నాడు.

గడప మీది లాడం ఆ ఎడమ ముంగాలిదే. ఈసారి కిందికి దించినప్పుడు దాన్ని బాగా చూసినాం. రేసు లాడాలు అల్యూమినియంవి, బరువు తగ్గించడానికి. మా లాడానికి ముందు అంచున సన్నటి గట్టు ఉంది. జారకుండా నేలను పట్టుకోవడానికి అట్లాంటివి కొట్టేవాళ్ళు. పట్టు ఎక్కువయితే గిట్ట ఆగిపోతుంది, పైన ఉన్న ఒళ్ళు ఆగదు. ముంగాళ్ళ లాడాలకు ఆ గట్టు ఉంటే ప్రాణం తీసే గాయాలు ఎక్కువవుతున్నాయని 1990లలో కాలిఫోర్నియా పరిశోధనలు చూపించినాయి. అమెరికాలో 2022లో వచ్చిన కొత్త భద్రతా నియమాలు వాటిని వద్దంటున్నాయి. రాజా నరం పోయింది దీనివల్లే అని మేము చెప్పలేం. వాన, గట్టు, పొట్టి అడుగు, వినని చెవి, అన్నీ ఒకేరోజు కలిసినాయి.

నరం పోవడం కంటే ఎముక విరగడం ఘోరం. మనిషికి కాలు విరిగితే కట్టు కట్టి మంచం మీద పడుకోబెడతారు కదా, గుర్రానికి ఎందుకు చెయ్యరు అని మా పిల్లలు అడిగినారు. గుర్రం రోజుల తరబడి పడుకొని బతకలేదు. నిలబడితే మూడు కాళ్ళ మీదే బరువంతా. అప్పుడు బాగున్న కాళ్ళ గిట్టల లోపలి కణజాలం చెడిపోతుంది. అమెరికాలో బార్బరో అనే గుర్రం 2006 మే 6న కెంటకీ డర్బీ గెలిచింది. రెండు వారాలకు ఇంకో పెద్ద రేసులో వెనక కాలు ఇరవైకి పైగా ముక్కలయింది. డబ్బుకు కొదవ లేదు, గొప్ప సర్జన్లు కూర్చి కట్టినారు. ఆ కాలు కొంచెం కొంచెం మానింది కూడా. మిగిలిన గిట్టలు చెడినాయి. 2007 జనవరిలో దానికి సూది వేసి నిద్రపుచ్చినారు. అదే దేశంలో సాంటా అనిటా ట్రాకు మీద 2018 డిసెంబరు నుంచి 2019 జూన్ దాకా ఒక్క సీజనులో ముప్పై గుర్రాలు చచ్చినాయి. ఆ చలికాలం వానలు విపరీతంగా పడినాయి. మధ్యలో మార్చిలో ట్రాకు మూసి, నేలను తవ్వి పరీక్షించినారు. ఆ గొడవ తర్వాతే 2020లో దేశమంతటికీ ఒకే భద్రతా చట్టం వచ్చింది. మన కర్నాటకలో రేసుకోర్సులకు లైసెన్సు ఇచ్చే చట్టం 1952 నాటిది. సుప్రీంకోర్టు 1996లో గుర్రప్పందెం అదృష్టం ఆట కాదు, నేర్పు ఆట అని తేల్చింది. పందెం కాసేవాడి నేర్పు, జాకీ నేర్పు, గుర్రం శిక్షణ, అన్నీ తూచినారు. ఆ తీర్పు అవసరం అదే కాబట్టి తప్పు పట్టలేం. కానీ ఇన్నేళ్ళుగా రేసుల మీద మన దగ్గర నడిచిన వాదనలన్నీ పందెం గురించి, పన్ను గురించి, స్థలం గురించి. కాలి కింద నేల గురించి వాదన మాకు పెద్దగా కనపడలేదు.

స్థలం అంటే మాకు దగ్గరి సంగతే. టర్ఫ్ క్లబ్బు స్థలం కౌలు 2009 డిసెంబరుకు ముగిసింది. 2010లో ప్రభుత్వం రేసుకోర్సును చిక్కజాలకు తరలించమనింది. చిక్కజాల అంటే యలహంక దాటినాక, దేవనహళ్ళికి ముందు, మేము బెంగళూరు పోయివచ్చే దారిలోనే. విషయం కోర్టులకెక్కి నిలబడిపోయింది. అప్పట్లో మా వాళ్ళంతా, వస్తే ఎకరా ధర ఎంతవుతుందని లెక్కలు వేసినారు. మేమూ వేసినాం, దాచేదేముంది. ఆ ఎర్రనేలలో, కింద బండ ఉన్నచోట, గుర్రం పరుగెత్తే గడ్డి ఎన్నేళ్ళకు తయారవుతుందని ఒక్కరూ అడగలేదు. తాత ఉండి ఉంటే మొదట అదే అడిగేవాడు.

రాజాను తాత నడిపించుకొని వచ్చిందీ ఆ దారినే. లారీకి డబ్బులేదు. హెబ్బాళ, యలహంక, చిక్కజాల, దేవనహళ్ళి మీదుగా నంది, యాభై అయిదు కిలోమీటర్ల పైమాట. పగలు చింతచెట్ల కింద ఆపి, రాత్రి చల్లబడినాక నడిచి, మూడు రాత్రుల్లో చేరినారు. తెల్లారేసరికి ఊరంతా మా వాకిట్లో ఉండిందంట. అంత ఎత్తు గుర్రాన్ని నందిలో ఎవరూ చూడలేదు, జట్కాల తట్టులే వాళ్ళకు తెలిసింది. ఉలవలు ఉడకబెట్టి పెట్టేది అవ్వ. మన ఉలవలను ఇంగ్లీషువాళ్ళు గుర్రాల శనగలన్న పేరుతో పిలిచేదే దీనికని మాకు అప్పుడు తట్టింది.

రెండేళ్ళు ఉండింది. చిక్కబళ్ళాపురంలో జట్కాకు కట్టి చూసినారు. చిన్న రైలు కూత వినపడగానే రేసు మొదలయిందనుకొని లంఘించి, కాడి విరగ్గొట్టింది. జట్కా మనిషి డబ్బు అడిగినాడు. అంతలో 1965 వాన ఎగ్గొట్టింది, దేశమంతా కరువు. ఇంట్లో అయిదుగురు పిల్లలు. రాగిగడ్డి ఎద్దులకే చాలదు. 1966 శివరాత్రికి భోగనందీశ్వరుడి తేరు, దనాల జాత్రె జరుగుతావుంటే, హిందూపురం వైపు మనిషి ఒకడు బేరమాడినాడు. పెళ్ళి ఊరేగింపులకు అన్నాడంట. తాత ఆ మాట నమ్మినాడా అని అవ్వను అడిగినాం. "నమ్మకపోతే అమ్మేది ఎట్లరా" అనింది. అమ్మేముందు ఎడమ ముంగాలి మీద చెయ్యి పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాడంట. లాడం మాత్రం బెంగళూరులోనే పీకి దాచినది. ఆ తర్వాత ఆయన జాత్రెకు పోయినాడు గానీ, దనాల వైపు పోలేదు.

రేసు గుర్రం రెండేళ్ళ వయసుకే పరుగు మొదలుపెడుతుంది. ఆరేడేళ్ళకు పని ముగుస్తుంది. బతికేది పాతికేళ్ళు. మధ్యలో ఆ పద్దెనిమిదేళ్ళు ఎవరివి అనేదే అసలు చిక్కు. మంచి వంశమయితే కుణిగల్ లాంటి ఫారంలో సంతానానికి ఉంచుతారు. కొన్ని మైసూరు అశ్వదళ పోలీసులకు పోయి దసరా ఊరేగింపులో కనపడతాయి. కొన్ని స్వారీ బడుల్లో పిల్లలను మోస్తాయి. మిగిలినవి చేతులు మారుతూ పోతాయి. 2025 మే మొదట్లో హైదరాబాదు నుంచి యాభై ఏడు గుర్రాలను లారీల్లో జబల్‌పూర్ దగ్గరి రాయిపురా అనే పల్లెకు తోలినారు. మండుటెండల్లో అంత దూరం. నెల సగం తిరిగేసరికి ఎనిమిది చచ్చినాయి. విషయం మధ్యప్రదేశ్ హైకోర్టుకు పోయింది. ఆ వార్త చదివిన రోజు మేము అవ్వకు చెప్పలేదు. పందేల మీద పన్ను 2023 అక్టోబరులో పూర్తి పందెం మొత్తం మీద 28 శాతమయి, 2025 సెప్టెంబరులో 40 శాతమయింది. పందెం మంచిదా చెడ్డదా అనేది వేరే మాట. డబ్బు తగ్గినప్పుడు లాయంలో మొదట బరువయ్యేది కుంటి గుర్రమే. రేసులో గెలుపు మీద వచ్చే ప్రతి రూపాయిలో కొంత ముందే పక్కన పెట్టి గుర్రం ముసలితనానికి దాచాలన్నది మా అభిప్రాయం. కొన్ని దేశాల్లో అట్ల చేస్తున్నారు కూడా.

పాములకు విరుగుడు మందు తయారీకి పోయే గుర్రాలూ ఉన్నాయి. కొద్ది కొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును వేరు చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ కలిపి ఒకే మందు. ఆ గుర్రాల పరిస్థితి మీద కూడా ఫిర్యాదులు చాలా ఉన్నాయి. ఇది మేము తేలిగ్గా రాయలేకపోతున్నాం, ఎందుకంటే 1980లలో చింతామణి దగ్గర చెనక్కాయ చేన్లో మా చిన్నాయనను రక్తపింజరి కరిచింది. బతికింది ఆ మందుతోనే. ఇది గుర్రం రక్తంలోనుంచి తీసిందని డాక్టరు చెప్పినాడు. ఇంటికి వచ్చినాక తాత ఏమీ మాట్లాడలేదంట. ఎప్పుడో పాత పెట్టెలో పడేసిన లాడాన్ని తీసి, ఆరోజే తలవాకిలికి కొట్టినాడు. అంతకుముందు అది అక్కడ లేదు. దిష్టి కోసం కాదని చెప్పడానికే ఇంత రాసినాం.

సున్నం ఆరినాక లాడాన్ని పాత మేకులతోనే మళ్ళీ కొట్టినాం. ఒక మేకు విరిగింది, అందుకు ఎడమవైపు కొంచెం వాలి ఉంది.

మాకు ఇంకొక్క పని మిగిలింది. 1966 శివరాత్రి తర్వాత హిందూపురం, గౌరిబిదనూరు, బాగేపల్లి వైపు ఊర్లలో పెళ్ళి ఊరేగింపుకు వచ్చిన చాలా ఎత్తయిన గోధుమరంగు గుర్రం, నుదుట తెల్ల మచ్చ, ఎడమ ముంగాలి వెనక చుక్కలు చుక్కలుగా వాతల గుర్తులు, ఇట్లాంటిది మీ ఇంటి పెద్దలెవరికన్నా గుర్తుంటే, పెళ్ళి ఫోటోలో పడి ఉన్నా సరే, దయచేసి మాకు రాయండి. అవ్వ ఉన్నప్పుడే తెలిస్తే బాగుంటుంది.